తేదీ లేని సెలవు చీటీ

మన కథల్లో, పాటల్లో, సంకలనాల్లో తరచుగా వచ్చే సర్కారు మనిషి ఎవరంటే మొదట ఫారెస్టు గార్డు. ఆ తర్వాత బడి సారు. గార్డు కథలోకి వచ్చి గొడ్డలి లాక్కుంటాడు, కోడిని పట్టుకుపోతాడు, కేసు రాస్తాడు. సారు మాత్రం రాకపోవడంతోనే కథలోకి వస్తాడు. బడికి తాళం, తాళం ముందు పలకలు పట్టుకున్న పిల్లలు, సంత రోజున జీపు దిగి వారం సంతకాలన్నీ ఒక్కసారే గీకేసి మధ్యాహ్నం జీపుకే తిరిగిపోయే మైదానపు మనిషి. ఎన్నో ఏళ్ళుగా ఈ బొమ్మ మన రాతల్లో ఉంది. ఏజెన్సీలో ఏ మూల చదివినా, ఉట్నూరు వైపు అయినా పాడేరు వైపు అయినా, చదివినవాళ్ళు తల ఊపుతారు. మా ఊళ్ళోనూ ఇంతే అంటారు.

ఈ బొమ్మ చేసిన పని చిన్నది కాదు. 1986లో అప్పటి ఉమ్మడి రాష్ట్రం జీవో 275 ఇచ్చింది. 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. ఐదవ షెడ్యూలు కింద గవర్నరుకు ఉన్న అధికారంతో, షెడ్యూల్డు ప్రాంతపు బళ్ళలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని ఆ ఉత్తర్వు చెప్పింది. అలా ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందో చెప్పిన కారణాల్లో టీచర్లు విపరీతంగా గైర్హాజరవుతున్నారన్నది ఒకటి. అంటే మన పాటల్లోని తాళం వేసిన బడి సర్కారు కాగితంలోకి కూడా ఎక్కింది. ఇంకొంచెం వెనక్కి పోతే 1940లలోనే హైమెండార్ఫ్ ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు యువకులకు శిక్షణ ఇచ్చి గోండు బళ్ళు నడిపించాడు. మన పిల్లలకు మన మనిషే పాఠం చెప్పాలన్న ఆలోచన అంత పాతది.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం జీవో 3ను కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషను చెల్లదంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళను మాత్రం షరతులతో వదిలిపెట్టింది. ఆ తీర్పు మీద మనవాళ్ళు చాలా రాశారు, రాయాల్సిందే. కానీ ఆ ఇరవై ఏళ్ళలో జరిగిన ఒక మార్పు మన రాతల్లోకి రాలేదు. ఇవాళ ఏజెన్సీ బడి సారు చాలా చోట్ల మన మనిషే. మన ఇంటిపేరు వాడే, మన భాష మాట్లాడేవాడే. కథలో మాత్రం ఇంకా జీపు దిగే మైదానపు పంతులే ఉన్నాడు. వాడి చొక్కా కూడా మారలేదు.

కథకులు ఎందుకు ఆగిపోయారో ఊహించడం కష్టం కాదు. మన మనిషి డుమ్మా కొడితే రాయడానికి చెయ్యి రాదు. మేనమామ కొడుకు మీద రాసినట్టుంటుంది. పైగా, చూశారా, మీవాళ్ళకు ఇచ్చినా బడి నడవలేదు అని అవతలివాళ్ళు అంటారేమోనన్న భయం. ఆ భయంలో న్యాయం ఉంది. అయినా రాయకపోతే ఏమవుతుందో కూడా చూడాలి. మన మనిషి మీద రాయడం అంటే అతన్ని తిట్టడమే అనుకుంటున్నాం. అతనికి జ్వరం వస్తే ఏమవుతుంది, అతని భార్య పురిటికి పోతే ఏమవుతుంది, అతని తండ్రి చనిపోతే బడి ఏమవుతుంది అన్న కథ కూడా ఉంది. అదీ రాయలేదు. రానివాడు ఎందుకు రాలేదో అడిగే అలవాటు మన సాహిత్యానికి మొదటినుంచీ లేదు. బయటివాడి విషయంలో అడగక్కర్లేకపోయింది.

కాబట్టి బొమ్మను కాసేపు పక్కనపెట్టి ఒక కాగితం చదువుదాం. కథను చదివినంత శ్రద్ధగా సెలవు చీటీని ఎవరూ చదవరు. నిజానికి మన టీచర్లు తమ సర్వీసులో ఎక్కువసార్లు రాసే రచన అదే. దాని నడక అందరికీ తెలుసు. మండల విద్యాధికారి గారి దివ్యసముఖమునకు, నమస్కరించి వ్రాయునది ఏమనగా, నాకు అనారోగ్యముగా నున్నందున ఒక రోజు ఆకస్మిక సెలవు మంజూరు చేయవలసినదిగా ప్రార్థన. ఇట్లు తమ విధేయుడు. పాతకాలపు అర్జీ భాష. జమీందారుకు రైతు రాసుకున్నట్టు ఉంటుంది. రాసేవాడు చదువుకున్న ఉద్యోగి, అడుగుతున్నది రూలు ప్రకారం తనకున్నదే, అయినా చేతులు కట్టుకుని అడుగుతాడు. ఫండమెంటల్ రూల్స్‌లో 67వ నిబంధన, సెలవును హక్కుగా అడగరాదు, పని అవసరమైతే అధికారి నిరాకరించవచ్చు అంటుంది. ఆ నిబంధన నీడ ఈ భాష మీద పడింది.

ఈ చీటీకి రెండు రకాలున్నాయి. ఒకటి తేదీ వేసింది. రెండోది తేదీ లేనిది. రెండోది బల్ల సొరుగులోనో, హాజరు పట్టీ అట్ట మధ్యనో ఉంటుంది. సారు రాని రోజున పైనుంచి ఎవరైనా వస్తే, ఎవరో ఒకరు తేదీ రాసి ముందు పెడతారు. ఎవరూ రాకపోతే చీటీ సొరుగులోనే ఉంటుంది. మర్నాడు సారు వచ్చి నిన్నటి గడిలో సంతకం పెడతాడు. సెలవు మిగిలింది.

చాలామంది దీన్ని చిన్న తప్పుగానే చూస్తారు. ఆ సెలవుకు ఎలాగూ జీతం వస్తుంది కదా, అతను దొంగిలించింది ఏముంది అంటారు. జీతం విషయంలో అది నిజమే. ఆకస్మిక సెలవు జీతంతో కూడినదే. దొంగతనం వేరే చోట జరుగుతుంది. సారు వచ్చాడని పట్టీలో ఉంటే పిల్లలూ వచ్చినట్టు ఉండాలి. పిల్లలు వచ్చినట్టు ఉంటే మధ్యాహ్న భోజనం వండినట్టు ఉండాలి. వండితే బియ్యం, గుడ్లు ఖర్చయినట్టు ఉండాలి. ఒక్క సంతకం కోసం ఇన్ని గడులు అబద్ధం చెప్పాలి. ఆ రోజు పిల్లవాడు అక్షరమూ తినలేదు, అన్నమూ తినలేదు. కాగితం మీద రెండూ తిన్నాడు.

నాకు అంతకన్నా పెద్దదిగా కనిపించేది ఇంకొకటి. పట్టీ ప్రకారం మన బడి ఏడాదికి 220 రోజులూ నడిచింది. 220 రోజులూ నడిచిన బడికి రెండో టీచరు ఎందుకు? సారు సెలవు పెట్టిన రోజున బదులు మనిషి ఎందుకు? ఐటీడీఏకు వెళ్ళి మనం అర్జీ పెడితే వాళ్ళు తీసి చూపేది మన సారు సంతకాలనే. ఏకోపాధ్యాయ పాఠశాల అన్యాయమని మీటింగుల్లో మాట్లాడే మనమే, అది చక్కగా నడుస్తోందని రోజూ సంతకం పెడుతున్నాం. బడికి నిజంగా ఎన్ని రోజులు తాళం పడిందో చెప్పే లెక్క మన చేతుల్లోనే ఉంది. దాన్ని మనమే చెరిపేస్తున్నాం.

ఇక చీటీలోని 'అనారోగ్యము' అన్న మాట. వాడుకలో జ్వరం అని రాస్తారు. బ్యాంకు పని ఉన్నా జ్వరం, కొడుకును కాలేజీలో చేర్చాలన్నా జ్వరం, చుట్టాల పెళ్ళి ఉన్నా జ్వరం, పండగైనా జ్వరం. మన దగ్గర చైత్రంలో ఇటుకల పండుగ రోజుల తరబడి సాగుతుంది. ఊరి మనిషైన సారు ఊరితో కలవకుండా ఎలా ఉంటాడు? బడి క్యాలెండరు వేసేవాళ్ళకు ఆ పండుగ తెలియదు. పిల్లలే బడికి రారు. సారు జ్వరమని రాస్తాడు. నిజానికి అక్కర్లేదు. ఆకస్మిక సెలవు జబ్బుకే ఇవ్వాలని ఎక్కడా లేదు. సొంత పని అని రాస్తే చాలు. అయినా జ్వరమని రాయడం అలవాటైపోయింది. పైవాడు జాలిపడితేనే సెలవు దొరుకుతుందన్న పాత నమ్మకం అది.

మైదానంలో జ్వరం చిన్నమాట కావచ్చు. మన కొండల మీద కాదు. వానాకాలం వస్తే గూడేలకు గూడేలు మలేరియాతో పడుకుంటాయి. డోలీ కట్టి గెడ్డ దాటించి తీసుకుపోయే లోపల దారిలోనే పోయిన తల్లులు, పిల్లలు ప్రతి ఊరికీ గుర్తున్నారు. అలాంటి చోట జ్వరం అన్న మాటను పెళ్ళిళ్ళకూ బ్యాంకు పనికీ ఖర్చు పెట్టేస్తే, నిజంగా చలిజ్వరంతో వణుకుతున్న సారు ఫోను చేసినప్పుడు అవతల ఎం.ఇ.ఓ. ఏమంటాడు? మళ్ళీ జ్వరమా, అంటాడు. అందుకే నిజంగా ఒళ్ళు కాలుతున్నవాడు సెలవు పెట్టకుండా బడికి వచ్చి, బెంచీ మీద కండువా కప్పుకుని పడుకుంటాడు. పిల్లలు చప్పుడు చెయ్యకుండా ఆడుకుంటారు. ఆ రోజు బడి తెరిచే ఉంది, సారు వచ్చే ఉన్నాడు. పాఠం లేదు. జబ్బు తగ్గలేదు కూడా. ఒకరి అబద్ధపు జ్వరం ఇంకొకరి నిజం జ్వరాన్ని తినేస్తుంది.

రూళ్ళు ఏం చెబుతున్నాయో మన కుర్రవాళ్ళకు తెలియాలి. టీచరు కావాలని చదువుతున్నవాళ్ళు ఇది పరీక్ష కోసమే చదువుతారు. బడి వైపు నుంచి చదవరు. టీచరుకు ఏడాదికి 15 ఆకస్మిక సెలవులు, 7 ప్రత్యేక ఆకస్మిక సెలవులు. మహిళా టీచర్లకు ఇంకో 5. వేసవి సెలవులు ఉన్నాయి కాబట్టి ఆర్జిత సెలవు తక్కువే. జబ్బు కోసం అసలు ఉన్నది సగం జీతపు సెలవు, సర్వీసులో ఏడాదికి 20 రోజులు జమ అవుతుంది. డాక్టరు సర్టిఫికెట్ పెడితే అందులో రెండు రోజులు తగ్గించి ఒక రోజు పూర్తి జీతంతో ఇస్తారు. ప్రసూతి సెలవు 180 రోజులు. ఇవన్నీ ఉద్యోగులు పోరాడి తెచ్చుకున్నవి. ఒక్కటి తగ్గించాలని నేను అనను. ఆశ్రమ పాఠశాలల్లో సి.ఆర్.టి.లుగా పనిచేస్తున్న మన పిల్లలకు ఇందులో సగం కూడా లేవు. వాళ్ళకు ఒంట్లో బాగోకపోతే ముందు గుర్తొచ్చేది నెలాఖరు జీతం.

ఇప్పుడు చిన్న లెక్క. 22 రోజులు, 220 రోజులు. ఒక్క టీచరే ఉన్న బడిలో, ఆ టీచరు ఏ తప్పూ చెయ్యకుండా, తేదీ వేసిన చీటీలే పెట్టి, తనకున్న సెలవులు వాడుకుంటే ఏడాదిలో పదోవంతు బడికి తాళం పడుతుంది. ఐదు తరగతులు చదివేసరికి ఆ పిల్లవాడు సగం ఏడాది చదువు పోగొట్టుకుంటాడు. ఎవరూ దోషి కాకుండానే. దీనికి శిక్షణలు, కాంప్లెక్సు మీటింగులు, పుస్తకాల కోసం మండలానికి పోయిరావడం, ఎన్నికల పని కలపండి. పట్నంలో పదిమంది టీచర్లున్న బడిలో ఇదే 22 రోజుల సెలవు ఎవరికీ తెలియదు. పక్క తరగతి టీచరు ఇద్దరి పిల్లల్నీ కూర్చోబెడుతుంది. రూలు ఒకటే. దాని బరువు మాత్రం కొండ మీద పిల్లవాడి నెత్తినే పడింది.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రాథమిక బడిలో పిల్లలు 60 మంది లోపు ఉన్నా ఇద్దరు టీచర్లుండాలని రాసి ఉంది. టీచరు క్రమం తప్పకుండా, వేళకు రావాలని 24వ సెక్షను చెబుతుంది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకు టీచర్లను వాడకూడదని 27వ సెక్షను చెబుతుంది. మూడూ ఒకే చట్టంలో ఉన్నాయి. మన దగ్గర అధికారులు జేబులో పెట్టుకు తిరిగేది 24వ సెక్షను ఒక్కటే. పిల్లలు తక్కువన్న లెక్కతో రెండో టీచరును ఎత్తేసి, మిగిలిన ఒక్కడూ రాలేదని మెమో ఇస్తారు.

పత్రికలూ ఇంతే. 'బడికి డుమ్మా', 'పంతుళ్ళ ఇష్టారాజ్యం', పక్కన తాళం ఫోటో. ఆ ఫోటో తీసినవాడు రెండు ప్రశ్నలు అడిగితే వార్త మారిపోయేది. ఈ బడిలో ఎంతమంది టీచర్లుండాలి? ఈయన రాని రోజున ఎవరు రావాలి? అడగరు. డుమ్మా అన్న మాటలో జబ్బుపడ్డవాడు, మీటింగుకు పోయినవాడు, పురిటికి పోయిన టీచరమ్మ, ఊళ్ళో వ్యాపారం చూసుకుంటున్నవాడు అందరూ ఒకటే అయిపోతారు. ఇందులో చివరివాడికే లాభం. అందరితో కలిసిపోతాడు కాబట్టి దొరకడు.

ఈ నలుగురినీ విడదీసి చూసిన లెక్కలు ఉన్నాయి. 2003లో దేశంలోని 20 రాష్ట్రాల్లో చెప్పకుండా బళ్ళకు వెళ్ళి చూసిన ఒక పెద్ద సర్వేలో నలుగురు టీచర్లలో ఒకరు బడిలో లేరని తేలింది. ఉన్నవాళ్ళతో కలిపి చూసినా పాఠం చెబుతూ కనిపించినవాళ్ళు సుమారు సగం. ఆ 25 శాతం అన్న అంకె ఇవాళ్టికీ ఉపన్యాసాల్లో వినిపిస్తుంది. 2017లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషను ఆరు రాష్ట్రాల్లో 619 బళ్ళు చూసి ఇంకొక లెక్క చెప్పింది. బడిలో లేనివాళ్ళు 18.5 శాతం. కానీ ఏ కారణమూ లేకుండా రానివాళ్ళు 2.5 శాతమే. మిగిలినవాళ్ళు సెలవు మీదో, సర్కారు పని మీదో ఉన్నారు. ఈ రెండో అంకెను టీచర్ల సంఘాలు ఇష్టంగా చెబుతాయి, మొదటిదాన్ని అధికారులు ఇష్టంగా చెబుతారు. పిల్లవాడి వైపు నుంచి చూస్తే తేడా లేదు. ఖాళీ కుర్చీ ఖాళీ కుర్చీయే. అయితే మందు వేరు. డుమ్మాకు మందు శిక్ష. సెలవుకు మందు బదులు మనిషి. మన ప్రభుత్వాలు రెండు జబ్బులకూ ఒకటే మాత్ర ఇస్తున్నాయి.

ఆదివాసీ పాఠకులు తప్పక తెలుసుకోవాల్సిన ఇంకొక ప్రయోగం రాజస్థాన్ ఉదయపూర్ జిల్లాలో జరిగింది. సేవా మందిర్ అనే సంస్థ అక్కడి గ్రామాల్లో ఒక్కొక్క టీచరుతో చిన్న బళ్ళు నడిపింది. టీచర్లు ఆ చుట్టుపక్కలవాళ్ళే. వాళ్ళకు కెమెరాలిచ్చి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పిల్లలతో ఫోటో తీసుకోమన్నారు. తేదీ, వేళ ఫోటో మీదే పడతాయి. హాజరైన రోజులను బట్టి జీతం. కెమెరా లేని బళ్ళలో గైర్హాజరు 42 శాతం ఉంటే, కెమెరా ఉన్న బళ్ళలో 21కి దిగింది. ఎస్తర్ డుఫ్లో, ఆమె సహ పరిశోధకులు దీని మీద రాసిన వ్యాసం ప్రపంచమంతా చదివారు. కెమెరా పనిచేసింది అన్నది అందరూ పట్టుకున్న మాట.

నాకు అందులో రెండు వేరే మాటలు కనిపించాయి. మొదటిది మనకు చేదు. స్థానికులైనా 42 శాతం రాలేదు. మన మనిషిని పెడితే చాలు, బడి నడుస్తుందన్న మన పాత వాదం అంతటితో నిలవదు. జీవో 3ను మళ్ళీ ఏదో రూపంలో తెమ్మని అడుగుతున్న మనం ఈ మాటకు జవాబు దగ్గర పెట్టుకోవాలి. నా జవాబు ఇది: మన మనిషి కావాలన్నది హాజరు కోసమే అడిగింది కాదు. కువి, కోయ, గోండి, సవర మాట్లాడే పిల్లవాడు మొదటి రోజున బడిలో భయపడకుండా కూర్చోవాలంటే తన మాట తెలిసిన సారు కావాలి. సర్కారు కాగితంలో గైర్హాజరు కారణం రాశారు కదా అని మనం దాన్నే మన ఏకైక వాదంగా మోస్తూ వచ్చాం. రెండోది, కెమెరా పెట్టాక కూడా అయిదు రోజుల్లో ఒక రోజు బడి లేదు. భయమూ ఆశా రెండూ చూపించినా మిగిలిపోయిన ఆ 21లో జబ్బులు, చావులు, పురుళ్ళు ఎంతోకొంత ఉండే ఉంటాయి. ఏ కెమెరా వాటిని తగ్గించలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ వచ్చింది. సిగ్నల్ లేని గూడెంలో సారు ఫోను పట్టుకుని గుట్ట ఎక్కాల్సి వస్తోందని మన టీచర్లు చెప్పుకుంటారు. అది నవ్వులాటగా చెప్పుకునే సంగతే అయినా పిల్లల్ని వదిలి గుట్ట ఎక్కినంతసేపూ బడి లేనట్టే. యాప్ వల్ల ఒక మేలు జరిగిందని ఒప్పుకోవాలి. తేదీ లేని చీటీకి కాలం చెల్లుతోంది. నిన్నటి గడిలో ఇవాళ సంతకం పెట్టడం కుదరదు. ఇప్పుడైనా ఆ అంకెలను మన వైపు నుంచి వాడుకోవచ్చు. ఏ ఏకోపాధ్యాయ బడి ఏడాదిలో ఎన్ని రోజులు టీచరు లేకుండా ఉందో ఆ యాప్‌లోనే ఉంది. విద్యా కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెబుతోంది కదా, ఆ కమిటీ పేరుతో ఆ లెక్క అడగొచ్చు. సమాచార హక్కు కింద మన కుర్రవాళ్ళు అడగొచ్చు. టీచరును పట్టివ్వడానికి కాదు, రెండో టీచరును తెచ్చుకోవడానికి.

బదులు మనిషి సంగతి మన దగ్గర లేదనడం తప్పు. దొంగచాటుగా ఉంది. దూరం నుంచి వచ్చే సారు ఊళ్ళో పది చదివిన కుర్రాడికో, డి.ఎడ్. చేసి ఖాళీగా ఉన్న అమ్మాయికో నెలకు ఎంతో కొంత ఇచ్చి తన బదులు పాఠం చెప్పిస్తాడు. బినామీ టీచరు అని పేపర్లో వేస్తారు. సారు చేసింది ముమ్మాటికీ తప్పే. ఆ కుర్రాడి వైపు నుంచి చూడండి. అతను రోజూ వస్తాడు. పిల్లల మాట అతనికి తెలుసు. పిల్లలు అతన్ని అన్నా అంటారు. సారు జీతంలో చిన్న ముక్క తీసుకుని సారు పనంతా చేస్తాడు. సంతకం పెట్టే గడి మాత్రం అతనికి లేదు. జీవో 3 పోయాక టీచరు ఉద్యోగం ఆశ వదులుకున్న మన చదువుకున్న పిల్లలు ఇలాంటి చోట్ల ఎంతమంది ఉన్నారో మీ మండలంలో మీరే లెక్కపెట్టుకోండి. మన కథల్లో వీళ్ళు కూడా లేరు. రాని పంతులు మీద ఇన్ని కథలు రాసి, అతని బదులు వచ్చినవాడి మీద కథ రాయకపోవడం నాకు పెద్ద లోటుగా కనిపిస్తుంది.

ఈ దొంగచాటు పనినే పగటిపూట చెయ్యవచ్చు. అమెరికా లాంటి దేశాల్లో టీచరు సెలవు పెడితే ఆ రోజుకు కూలి ఇచ్చి బదులు టీచరును పిలుస్తారు. వెళ్ళే టీచరు ఆ రోజు ఏ పాఠం, ఏ లెక్కలు అని రాసి పెట్టి వెళ్ళాలి. అది రాయడం కన్నా జ్వరంతో బడికి పోవడమే తేలికని అక్కడి టీచర్లు విసుక్కుంటారట. విసుగు ఎక్కడైనా విసుగే. మన దగ్గర ఇప్పుడు జరిగేది, ఎం.ఇ.ఓ. ఫోను చేసి పక్క బడి సారును పంపడం. పక్క బడి కూడా ఒక్క సారు బడే అయితే ఒక తాళం తీసి ఇంకొక తాళం వెయ్యడమే. దాని బదులు పంచాయతీకి ఇద్దరు ముగ్గురు, డి.ఎడ్. చదివిన స్థానిక పిల్లల పేర్లతో పట్టీ ఒకటి ఐటీడీఏ దగ్గర ఉంటే, సెలవు చీటీ వచ్చిన రోజునే వాళ్ళలో ఒకరికి కబురు పోతే, రోజు కూలి ట్రెజరీ నుంచి వస్తే, ఇది కాని పని కాదు. దీనికి సుప్రీంకోర్టు తీర్పు అడ్డం రాకుండా ఎలా రాయాలో మన వకీళ్ళు చూడాలి. శాశ్వత ఉద్యోగాల డిమాండును ఇది మింగేస్తుందన్న అనుమానం కొందరు మిత్రులకు ఉంది. విద్యా వాలంటీర్ల అనుభవం చూసినవాళ్ళకు ఆ అనుమానం రావడం సహజం. అందుకే ఇది ఖాళీ పోస్టుకు వర్తించకూడదు, సెలవు రోజుకే వర్తించాలి అని మొదటి వాక్యంలోనే రాయించుకోవాలి.

అంతవరకూ ఒక్క సారు ఉన్న బడిలో సారు చెయ్యగలిగింది ఒకటుంది, దానికి ఏ జీవో అక్కర్లేదు. సెలవు ముందే తెలిసినప్పుడు బోర్డు మీద ఒక్కో తరగతికి ఒక్కో పని రాసి పోవడం. చాలా గూడేల్లో బడి తాళం చెవి రెండోది వంట చేసే అక్క దగ్గరే ఉంటుంది. ఆమెకు చెబితే ఆమె బడి తెరుస్తుంది, పొయ్యి వెలిగిస్తుంది, అయిదో తరగతి పిల్లలు ఒకటో తరగతి వాళ్ళకు అక్షరాలు దిద్దిస్తారు. కనీసం అన్నం, గుడ్డు దొరుకుతాయి. రూలు ప్రకారం టీచరు లేకుండా బడి తెరవవచ్చా అని అడిగేవాళ్ళుంటారు. పిల్లలకు ఏమైనా అయితే ఎవరు పూచీ అంటారు. అది సరైన ప్రశ్నే. కమిటీ తీర్మానం రాసి, ఊరి పెద్దల్లో ఒకరు ఆ రోజు బడిలో కూర్చుంటే దానికీ దారి ఉంది. ఆ తీర్మానంలోనే ఇంకొక వాక్యం రాయండి: ఈ తేదీన మా బడికి టీచరు లేడు, సెలవు మీద ఉన్నారు, బదులు ఎవరూ రాలేదు. తేదీ వేసి, సంతకాలూ వేలిముద్రలూ పెట్టి, ఒక ప్రతి ఎం.ఇ.ఓ.కు, ఒక ప్రతి ఐటీడీఏ పి.ఓ.కు, ఒకటి మీ దగ్గర. ఏడాది తర్వాత ఆ కాగితాలు ఎన్ని అయ్యాయో చూసి అర్జీ రాయడం మొదలుపెట్టవచ్చు.